సరంగు పడవ ఒరగదు

పడవ మళ్ళీ సమంగా నిలబడి ఉంది. ఇటు అంగుళం వాలు లేదు, అటు అంగుళం వాలు లేదు. దారిన పోయేవాళ్ళెవరైనా చూస్తే ముచ్చట పడతారు. ఈత టీచరుకి మాత్రం అది చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె రేవు చివర ఉన్న కొట్టు దాకా వెళ్ళి టీ తాగొచ్చిందంతే. వెళ్ళేటప్పుడు ఆ పడవ ఎడమ పక్కకి ఒరిగి ఉంది. దాన్ని అలా ఒరిగించడానికి పొద్దుట్నుంచీ గొడ్డు చాకిరీ చేసింది. సరస్సులోంచి నీళ్ళు తోడే చిన్న పంపు కాసేపు పనిచేసి, నాచు మింగి అలిగింది. దాని నోట్లోంచి నాచు పీకి, మళ్ళీ గొట్టం తగిలించి, పడవ వెనక ఎడమ మూల పరిచిన పెద్ద నీళ్ళ సంచీ నింపింది. సంచీలో గాలి చేరితే నీళ్ళు ఎక్కవు కాబట్టి దాని మీద బోర్లా పడుకుని, మోచేతులతో, మోకాళ్ళతో నొక్కి గాలి బయటికి పంపింది. ఆ అవతారంలో ఉండగా రేవులో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు కూడా. ఇంతా చేసి, పడవ ఎడమకి వాలి, వెనక భాగం నీళ్ళలోకి దిగాక, హమ్మయ్య అనుకుని టీకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి. పడవలో ఆమె తండ్రి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"నాన్నా, ఆ లంగరు కుడి పక్కకి ఎలా వచ్చింది?"

"నేనే పెట్టాను."

"బ్యాటరీ పెట్టె? ఆ గొలుసు? ఐసు పెట్టెలో నీళ్ళెవరు నింపారు?"

"పడవ ఒక పక్కకి వాలిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా అమ్మడూ? నువ్వు టీ తాగడానికి పోయావు. నేను కాబట్టి సరిపోయింది."

"వాలాలనే కదా నాన్నా నేను పొద్దుట్నుంచీ చస్తున్నది!"

ఆయన పేపరు మడిచి, కూతుర్ని జాలిగా చూశాడు. వాలడం కోసమని పడవలో బరువు పెట్టేవాళ్ళు కూడా ఉంటారని ఆయనకి ఈ వారంలో చాలాసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ విన్నాడు. నమ్మలేదు.

ఆయన్ని అందరూ సరంగు అనే పిలుస్తారు. నది మీద వంతెన పడేదాకా అవతలి ఒడ్డుకి మనుషుల్నీ, సైకిళ్ళనీ, కూరగాయల గంపల్నీ దాటించిన లాంచీ ఆయనదే. వంతెన తెరిచిన రోజే లాంచీ ఆగిపోయింది. తన సర్వీసులో ఒక్క చుక్క నీరు అంచు దాటి లోపలికి రాలేదని ఆయన గొప్ప. ఆ గొప్ప నిజమే. లాంచీలో జనం ఒక పక్కకి చేరితే స్టీరింగు దగ్గర్నుంచే కనిపెట్టి, "సర్దుకోవాలి, సర్దుకోవాలి" అని ఒక్క కేక వేసేవాడు. పట్టుచీరలవాళ్ళూ, టోపీలవాళ్ళూ, పోట్లాడుకుంటున్నవాళ్ళూ అందరూ లేచి సర్దుకునేవాళ్ళు. డ్యాష్‌బోర్డు మీద అంచుదాకా టీ పోసిన గాజు గ్లాసు పెట్టుకుని నది దాటడం ఆయన సరదా. టీ ఒక పక్కకి ఒలికితే ఆ రోజంతా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఇప్పుడు ఈ మనిషికి వేక్‌సర్ఫింగ్ గురించి చెప్పాలి. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పడవ నెమ్మదిగా, సైకిలు గట్టిగా తొక్కినంత వేగంతో పోతుంది. దాని వెనకాల ఒక అల లేస్తుంది. చిన్న పలక మీద నిలబడ్డ మనిషి ముందు తాడు పట్టుకుని ఆ అలలోకి వస్తాడు, కుదురుకున్నాక తాడు వదిలేస్తాడు. ఆ తర్వాత అతన్ని లాగేది ఎవరూ లేరు. అలే వెనకనుంచి తోస్తూ ఉంటుంది. అంతే ఆట. అయితే ఆ అల ఎత్తుగా, నున్నగా లేవాలంటే పడవ వెనక భాగం బాగా దిగి ఉండాలి, ఆడే పక్కకి ఒరిగి ఉండాలి. సమంగా ఉన్న పడవ వెనక వచ్చేది అల కాదు, నురగ.

కొత్త పడవల్లో ఈ బాధలేం లేవు. అడుగున తొట్లుంటాయి, మీట నొక్కితే నిండుతాయి. ఈత టీచరు కొన్నది పాత పడవ. నీళ్ళ మీద స్కీయింగ్ చేసేవాళ్ళని లాగడానికి ఎప్పుడో చేసింది. వాళ్ళకి అల అడ్డం కాబట్టి అల లేవకుండానే దాన్ని తయారుచేశారు. ఇంజను సరిగ్గా మధ్యలో ఒక పెట్టె కింద ఉంటుంది. అలాంటిదానితో అల పుట్టించాలంటే సంచులు, పంపు, మోకాళ్ళు తప్ప దారి లేదు.

ఇంత కష్టం సరదాకి కాదు. ఆమె పదేళ్ళపాటు పిల్లలకి ఈత నేర్పిన కొలను పైకప్పు బీటలు వారి, నిరుడు మూతపడింది. మళ్ళీ తెరవరని తేలిపోయింది. ఆమెకి చేతనైన పని నీళ్ళలోనే ఉంది, అందుకే ఈ ఆట నేర్పి బతుకుదామని ఆ పడవ కొంది. సరస్సు క్లబ్బువాళ్ళ రేవులో ఈ సీజనుకి పడవ కట్టుకునే చోటు ఒక్కటే ఖాళీ ఉంది. దానికోసం ఆమె అడిగింది, గాలి నింపిన అరటిపండు లాంటి తెప్పల మీద జనాన్ని తిప్పే ఒకాయన కూడా అడిగాడు. క్లబ్బు సెక్రటరీ ఒక్క మాటన్నాడు. "మాటలొద్దమ్మా. ఆదివారం పొద్దున్న ఆ అలేదో చూపించండి. నేనే పడవలో కూర్చుంటాను. అల వస్తే చోటు మీదే. రాకపోతే ఆయనకిచ్చేస్తాను." చోటు రాకపోతే పడవ ట్రెయిలరెక్కి అమ్మకానికి పోవాల్సిందే, ఈత టీచరు ఒక చిన్నపిల్లల బడిలో ముక్కులు తుడిచే ఉద్యోగంలో చేరాల్సిందే. ఆ బడివాళ్ళకి సోమవారం దాకా గడువడిగింది. పసిపిల్లలంటే ఆమెకి ఇష్టమే గానీ, ఒడ్డున బతకడం ఆమెకి రాదు.

శనివారం అందరూ కలిసి ఒకసారి చూసుకుందామన్నారు. అందరూ అంటే ఈత టీచరు, సరంగు, ఆమె భర్త, మేనత్త.

భర్తకి కళ్ళజోళ్ళ షాపుంది. ఊళ్ళో సగం మందికి చూపు తెప్పించిన మనిషే గానీ, పడవ నడిపితే మాత్రం ఎదురుగా ఎర్రగా తేలుతున్న హద్దు డబ్బా ఆయనకి కనబడదు. గేరు కర్రని టార్చిలైటు మీటలా ఒక్కసారి నొక్కేస్తాడు. వేగం నిలకడగా పట్టడమన్నది ఆయన ఒంట్లో లేదు. ఆటకి కావలసింది ఆ నిలకడే. వేగం ఏమాత్రం తగ్గినా, పెరిగినా అల చెదిరి మీదున్న మనిషి పడిపోతాడు. ఆ నిలకడున్న చెయ్యి ఇంట్లో ఒక్కటే ఉంది. అది సరంగుది. ఖర్మ ఏమిటంటే, పడవ ఒరిగితే ఓర్చుకోలేని చెయ్యి కూడా అదే.

మేనత్త అంటే సరంగు చెల్లెలు. నిండైన మనిషి, నోరూ నిండుగానే ఉంటుంది. "నన్నెందుకు పిలిచావో నాకు తెలీదనుకోకే. సంచీ చాలలేదు, అత్తయితే సరిపోతుందనుకున్నావు. చెప్పు, ఏ మూల పడేస్తావో పడేయ్" అంటూ వచ్చి, ఎడమ మూల సంచీ పక్కనే బిస్కెట్ల పొట్లంతో సహా సర్దుకుని కూర్చుంది. వెనక్కి చూస్తూ, పలక మీదున్న మనిషి పడితే కేక వేసే పని కూడా ఆమెకే ఇచ్చారు.

లంగరూ, గొలుసూ మళ్ళీ ఎడమ పక్కకి చేర్చి, ఐసు పెట్టె ఖాళీ చేసి, ఈత టీచరు నీళ్ళలోకి దూకింది. పలక మీద పాదాలానించి, తాడు పట్టుకుని, పడవని చూసింది. చక్కగా ఎడమకి ఒరిగి ఉంది. ఆమె తలూపింది. సరంగు ఇంజను వేగం పెంచాడు. పడవ కదిలింది, పలక లేచింది, ఆమె లేచి నిలబడింది, అల కోసం చూసింది. కాళ్ళ కింద సబ్బు నురగ లాంటిది తప్ప ఏమీ లేదు. చూస్తుండగానే తాడు జారింది, ఆమె మునిగింది.

తేలి చూస్తే మేనత్త కుడి పక్కన కూర్చుని ఉంది. భర్త కూడా కుడి పక్కనే ఉన్నాడు.

"అత్తా! నువ్వక్కడికి ఎందుకెళ్ళావు?"

"మీ నాన్న సర్దుకోమన్నాడే!"

"ఆయనంటే మీరు లేచిపోవడమేనా? ఏవండీ, మీకైనా బుద్ధుండక్కర్లేదా?"

"ఏం చెయ్యను?" అన్నాడు భర్త దీనంగా. "మావయ్యగారు ఆ గొంతుతో సర్దుకోవాలి అనగానే కాళ్ళు వాటంతటవే లేచాయి. కూర్చున్నాక గాని తెలీలేదు."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి సరంగు నోరు మెదపలేదు. కానీ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, మిగతా మనిషంతా కుడి అంచు బయటికి వేలాడుతూ నడిపాడు. ఇంకోసారి ఇటు చూడమని, అటు చూడమని మేనత్తకి కొంగల్ని చూపించాడు. కొంగలన్నీ కుడి పక్కనే ఉన్నాయి. సాయంత్రమయ్యేసరికి ఈత టీచరుకి గొంతు బొంగురుపోయింది, అరచేతులు బొబ్బలెక్కాయి, తల ప్రాణం తోకకొచ్చింది. అల మాత్రం రాలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నాన్నా, ఒక్క మాట చెప్పు. ఆ పడవ మునుగుతుందని నీకు భయమా?"

"మునగదు. అడుగు నీళ్ళు తోడే పంపు నేనే విప్పి కడిగాను. పక్కన ఇంకోటి కూడా బిగించాను. అంచుకీ నీళ్ళకీ మధ్య జానెడు పైనే ఉంది."

"మరి ఏమిటి నీ బాధ?"

"ఒరిగి ఉంది కదా" అన్నాడు చివరికి.

ఈత టీచరు నుదురు కొట్టుకుంది. "రేపు పోతే నాకిక నీళ్ళు లేవు నాన్నా. నీకు వంతెన వచ్చినప్పుడు ఎలా ఉందో, నాకూ అలాగే ఉంటుంది. నాకు మాటివ్వు. రేపు పడవలో ఏ వస్తువునీ జరపనని, ఎవర్నీ సర్దుకోమననని మాటివ్వు."

వంతెన మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. సరంగు మొహం చిన్నబోయింది. "సరే. జరపను. ఎవర్నీ ఏమీ అనను" అన్నాడు. మాటిస్తే తప్పే మనిషి కాదు. ఆమె ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది. అదే ఆమె చేసిన తప్పు.

ఆదివారం పొద్దున్న సెక్రటరీ తెల్ల బూట్లు వేసుకుని, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో వచ్చాడు. సన్నటి మనిషి. నవ్వు ఖర్చు పెట్టే రకం కాదు. అప్పటికి సరంగు స్టీరింగు దగ్గర బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. మేనత్త తన మూలలో ఉంది, భర్త ఆమె పక్కనే ఉన్నాడు. సెక్రటరీని కూడా ఎడమ పక్కనే కూర్చోబెట్టారు. ఈత టీచరు సంచీ నింపింది, గాలి తీసింది. ఎంత నింపినా పడవ వాలినట్టే వాలి ఆగిపోయింది. కదిలితే సర్దుకుంటుందిలే అని మనసుకి నచ్చజెప్పుకుని నీళ్ళలోకి దిగింది.

నురగ. మళ్ళీ అదే నురగ.

సెక్రటరీ వాచీ చూసుకున్నాడు. "ఇదేనామ్మా అల?"

ఈత టీచరు పడవలోకి ఎక్కి, లంగరు చూసింది. ఎడమనే ఉంది. గొలుసు, బ్యాటరీ, ఐసు పెట్టె ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడు అనుమానం వచ్చి కుడి పక్క సీటు మూత ఎత్తింది. సీటు కింద పొడుగూతా నీళ్ళ డబ్బాలు. పెద్దవి, తెల్లవి, మూతి దాకా నింపి, కదలకుండా తాడుతో కట్టినవి. ఇంట్లో, పక్కింట్లో, మేనత్త ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ అక్కడే ఉన్నాయి.

"ఇవేంటి నాన్నా?"

"నేను ఏదీ జరపలేదు" అన్నాడు సరంగు. "ఇవి కొత్తగా పెట్టినవి."

మేనత్త కిసుక్కున నవ్వి, నోటికి అడ్డంగా కొంగు పెట్టుకుంది. భర్త తన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఈత టీచరుకి నవ్వు రాలేదు. నాలుగు రోజులుగా అణుచుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. "దిగు" అంది. "దిగు నాన్నా. నీకు దండం పెడతాను, దిగి ఒడ్డున కూర్చో. నీ లాంచీ ఎప్పుడో పోయింది. ఇది నా పడవ. నా బతుకు నా చేతులారా ముంచుకుంటాను గానీ, నువ్వు ముంచకు."

అనగానే అనకుండా ఉండాల్సిందనిపించింది. కానీ నోరు జారాక చేసేదేముంది? పడవ రేవుకి వచ్చింది. సరంగు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాడు. పోయి రేవు అంచున ఉన్న ఇనుప గుంజ మీద, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. భర్త డబ్బాలు ఒక్కొక్కటే విప్పి రేవు మీద పెడుతుంటే ఆయన అటు చూడలేదు.

స్టీరింగు భర్త చేతికొచ్చింది. "నిలకడగా పట్టండి. వెనక్కి చూడొద్దు. నేను పడితే నెమ్మదిగా తగ్గించండి" అని ఆమె చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆయన అన్నిటికీ తలూపాడు.

డబ్బాలు పోయాక పడవ ఎడమకి చక్కగా ఒరిగింది. రేవుకి దగ్గర్లోనే మొదలుపెట్టారు. వేగం కాస్త పెరుగుతూ కాస్త తగ్గుతూ పోయింది గానీ, ఈసారి ఆమె కాళ్ళ కింద ఏదో లేచింది. చూసింది. అల. నడుమెత్తున, ఆకుపచ్చగా, నున్నగా ఉంది. పలక దాని మీదికి జారి కుదురుకుంది. చేతిలో తాడు వదులైంది. ఇక వదిలేయొచ్చు అనుకుని వేళ్ళు తెరిచింది. తాడు లేకుండా ఆమె నీళ్ళ మీద నిలబడింది.

"వచ్చిందర్రా!" అని మేనత్త అరిచింది.

పెళ్ళాం నిలబడిందంటే చూడాలని ఏ మొగుడికుండదు? ఆ పడవకి వెనక చూసే అద్దం ఎప్పుడో ఊడిపోయి ఉత్త ఊచ మిగిలింది. అందుకని ఆయన మెడ కాదు, మనిషే మొత్తంగా వెనక్కి తిరిగాడు. మనిషితోపాటు స్టీరింగూ తిరిగింది. అల చెదిరింది, ఆమె పడింది. ఆమె పడగానే ఆయన కంగారుపడి, గేరు కర్రని ఒక్క గుంజు గుంజి పడవని నిలువునా ఆపేశాడు.

పడవ ఆగింది గానీ వెనకాల వస్తున్న అల ఆగదు కదా. తన దారిన తను వచ్చి, దిగి ఉన్న వెనక అంచు దాటి, నింపాదిగా పడవలోకి ఎక్కింది. మేనత్త ఒళ్ళోకి, బిస్కెట్ల పొట్లంలోకి, సెక్రటరీ తెల్ల బూట్లలోకి. రెండు పంపులూ ఒకేసారి గొల్లుమన్నాయి. మేనత్త కూడా.

రేవుకి చేరేసరికి సెక్రటరీ ఒక బూటు విప్పి నీళ్ళు వంపుతున్నాడు. "నేను చూడాల్సింది చూశానమ్మా" అన్నాడు. ఈత టీచరు పలక గుండెకి హత్తుకుని పడవలోనే నిలబడింది. చోటు పోయిందని తెలిసిపోయింది. చోటుతోపాటు ఒడ్డు మీద గుంజలా కూర్చున్న తండ్రిని కూడా పోగొట్టుకున్నట్టు అనిపించింది.

అప్పుడు సరంగు గుంజ మీద నుంచి లేచాడు.

ఇంతసేపూ ఆయన చూస్తూనే ఉన్నాడు. జీవితంలో మొదటిసారి, పడవలో కూర్చుని కాక ఒడ్డున కూర్చుని చూశాడు. లోపలుంటే ఆయనకి తెలిసేది వాలు ఒక్కటే. బయటినుంచి చూస్తే వాలిన పడవ వెనకాల విప్పుకున్న అల కనబడింది. దాని మీద తాడు లేకుండా నిలబడ్డ కూతురు ఒక్క క్షణం కనబడింది. ఆ తర్వాత అల పడవలోకి ఎక్కడం కూడా కనబడింది.

"ఒరిగినందుకు రాలేదు ఆ నీళ్ళు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు, సరస్సుతో అన్నట్టుంది. "తటాలున ఆపినందుకు వచ్చాయి. అంత ఒరిగినా నడుస్తున్నంతసేపూ చుక్క రాలేదు. చూశాను."

"మావయ్యగారూ, అది నేను..." అంటూ భర్త మొదలుపెట్టాడు.

"మీరు లేవండి అల్లుడుగారూ."

భర్త లేచాడు. ఆ గొంతు వింటే ఎవరైనా లేస్తారు. సరంగు పడవలోకి దిగి, రెండు పంపుల దగ్గరా చెవి పెట్టి విని, నీళ్ళన్నీ పోయాయని తేల్చుకున్నాడు. సంచీ మీద అరచేత్తో చరిచాడు. "ఇందులో ఇంకా పడతాయి" అన్నాడు. పంపు తనే పెట్టి, తనే మోకాలితో గాలి నొక్కి నింపాడు. తర్వాత ఎవర్నీ ఏమీ అడక్కుండా రేవు తాడు విప్పేశాడు. తాడు విప్పాక ఆగడం, వెనకొచ్చినవాళ్ళ కోసం కాచుకోవడం లాంచీ రోజుల్లోనే ఆయనకి అలవాటు లేదు. ఒక కాలికి బూటు ఉండి, ఒక చేతిలో బూటు ఉన్న సెక్రటరీ కూడా దిగే వ్యవధి లేక పడవతోపాటే బయల్దేరాడు.

"ఏమయ్యా, నేను దిగాలి!" అన్నాడు సెక్రటరీ లేవబోతూ.

"కూర్చోండి!" అన్నాడు సరంగు. "ఆ మూల్లోనే. మీరు కదిలితే మా అమ్మాయి పడిపోతుంది."

సెక్రటరీ కూర్చున్నాడు. బూటు ఒళ్ళో పెట్టుకున్నాడు.

సరస్సు మధ్యలో ఈత టీచరు మళ్ళీ దూకింది. తండ్రి మాట మీద ఆమెకి ఇంకా నమ్మకం లేదు. సీటు మూతలన్నీ ఎత్తి చూసే దూకింది. పడవ కదిలింది. వేగం ఒక గీత గీసి దాని మీద నడిచినట్టు పెరిగి, పెరగాల్సిన చోట ఆగింది. ఆగిందంటే ఆగిందే, మళ్ళీ వెంట్రుకవాసి కదల్లేదు. కాళ్ళ కింద అల లేచి, పెరిగి, అక్కడే ఉండిపోయింది. ఇందాకటిది దీని ముందు లెక్కలోకి రాదు. ఆమె దాని మీదికి జారింది. మోకాళ్ళు వదులు చేసింది. తాడు వదిలేసింది.

నిలబడింది. ఇంకా నిలబడే ఉంది. వెనకనుంచి నీళ్ళు వీపు తట్టి తోస్తున్నట్టుంది. మేనత్త బిస్కెట్లు మరిచిపోయి నోరెళ్ళబెట్టి చూస్తోంది. సెక్రటరీ మొహంలో నవ్వు లాంటిదేదో కదిలింది. ఇక చాలు, చూశానని చెయ్యి ఊపాడు.

చాలని సరంగుకి ఎవరు చెప్పాలి? ఆయన పోతూనే ఉన్నాడు. పడవ క్లబ్బు దాటింది, రెల్లు దాటింది, నీళ్ళ ట్యాంకు దాటింది. వెడల్పుగా తిప్పి మళ్ళీ ఇటు తెచ్చాడు, అల చెక్కుచెదరలేదు. "నాన్నా, చాలు!" అని ఆమె అరిచింది. ఇంజను చప్పుడులో ఆయనకి వినబడదు. "అత్తా, ఆపమను!" అంది. మేనత్త ఆనందంగా చెయ్యి ఊపింది. తొడలు వణుకుతున్నాయి. ఒళ్ళు మండుతోంది. ఇంత సంతోషం ఆమెకి ఈ మధ్య ఎరుకలో లేదు.

అప్పుడే ఆయన వీపు మీద ఆమె చూపు ఆగింది. పడవ ఎడమకి ఒరిగి ఉంది. సీట్లు ఒరిగి ఉన్నాయి, మేనత్త ఒరిగి ఉంది, భర్త ఊచ పట్టుకుని ఒరిగి ఉన్నాడు. ఒక్క సరంగు మాత్రం నిటారుగా ఉన్నాడు. ఎలాగో అర్థంకాక పరకాయించి చూసింది. లైఫ్ జాకెట్టొకటి నాలుగు మడతలు పెట్టి ఎడమ తొడ కింద దోపుకున్నాడు. పడవనేమీ చెయ్యలేదు. తనొక్కడూ సర్దుకున్నాడు.

నవ్వాపుకోలేక ఆమె పడిపోయింది.

మేనత్త కేక వేశాక పడవ వేగం కొంచెం కొంచెంగా తగ్గింది, వెనకాల అల తనంతట తను సద్దుమణిగేదాకా ఆగలేదు. తర్వాత గుండ్రంగా తిరిగొచ్చి ఆమె పక్కన, ఇంజను ఆపి, నిలిచింది. ముందు సెక్రటరీ తల బయటికొచ్చింది.

"చోటు మీదేనమ్మా" అన్నాడు. "ఒక్క షరతు. పడవ ఈయనే నడపాలి. ఆ కళ్ళద్దాలాయన స్టీరింగు ముట్టుకోవడానికి వీల్లేదు."

సీజనంతా. రోజూ. ఈ మనిషితో. ఆమెకి గుండె ఒకేసారి పైకి లేచి కిందికి జారింది. భర్త మాత్రం బతికిపోయినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

సరంగు అంచు మీదుగా వంగి ఆమెకి చెయ్యిచ్చాడు గానీ, వెంటనే పైకి లాగలేదు.

"తాడు వదిలావు కదూ?" అన్నాడు.

"వదిలాను. చూశావా?"

"చూళ్ళేదు. చేతికి తెలిసింది. ఇంజను మీద నీ బరువు తగ్గింది. పడ్డావనుకుని ప్రాణం గిలగిల్లాడింది. చెల్లి కేక వెయ్యలేదు, అంటే నిలబడే ఉన్నావన్నమాట." ఆయన గొంతు సవరించుకున్నాడు. "తిరిగి చూద్దామని ఎంత పీకిందో నీకు తెలీదు. చూస్తే చెయ్యి కదులుతుంది. చెయ్యి కదిలితే పడతావు. అందుకని చూళ్ళేదు."

ఆమె రెండో చేత్తో కూడా ఆయన చెయ్యి పట్టుకుంది.

"అంతసేపూ అందరూ చూశారు, నేను తప్ప" అన్నాడు సరంగు. "ఎలా ఉన్నావో చెప్పవే."